కాలువలను, చెరువులను పట్టు పరాయి నీటిమొక్కలు: గుర్తించు విధము, వ్యాపింపకుండ ఆపు విధము



చేలో మొలచిన కలుపును రైతు తన కలుపుగా ఎంచి తీయును. కాలువలో మొలచిన కలుపు ఎవరిది? అది దిగువకు పోవునని ఎగువవాడు ఊరకుండును; ఎగువనుండి వచ్చినదని దిగువవాడు ఊరకుండును. సర్కారువారు తీయింతురని ఇరువురును ఎదురుచూతురు. ఇంతలో కాలువ నిండును. ఈ నెల పాఠమున నీటిలో వ్యాపించు పరాయి మొక్కలను గుర్తించుట, అవి మన ఆయకట్టునకు రాకుండ ఆపుట, వచ్చినవానిని తీయుట అను మూడు విషయములను వివరించెదము.

నష్టమెట్టిది?

కాలువలో మొక్కలు దట్టముగా నిండినచో నీటి వేగము తగ్గును. వేగము తగ్గగానే ఎగువభాగమున నీటిమట్టము లేచును. అచ్చటి రైతునకు కాలువ నిండుగా కనబడును. గట్లు మాత్రము నాని ఊట పట్టును. శివారు రైతు బోదెకు నీరెక్కదు. తలతూము వద్ద విడిచిన నీరు ఎప్పటియంతయే యుండును గాని, అది చివరి చేను చేరదు. అప్పుడు శివారువారు ఎగువవారిని, అందరును లస్కరును నిందింతురు. నిజమైన దోషము కాలువలో తేలుచు పూలు పూయుచుండును.

మురుగుకాలువలలో ఈ నష్టము తలక్రిందుగా వచ్చును. సార్వాలో పెద్దవాన కురిసినప్పుడు చేలలోని నీరు త్వరగా దిగిపోవలెను. కలుపు కొట్టుకొనివచ్చి వంతెన కాళ్లకు, తూములకు అడ్డుపడినచో నీరు చేలలోనే నిలుచును. పొట్టమీదనున్న వరి కొన్ని దినములు మునిగియున్నచో ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

చెరువులలో మరియొక కీడు కలదు. నీటిపై చాపవలె పరచుకొన్న ఆకులు వెలుతురును అడ్డును. వెలుతురు లేక లోపలి నాచు చచ్చును; క్రుళ్లిన ఆకులు నీటిలోని ప్రాణవాయువును హరించును; చేపలు ఊపిరాడక చచ్చును. ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. గుర్రపుడెక్క దట్టముగా పట్టిన నీరు పచ్చిక బయలువలె కనబడును. నేలయనుకొని పసిపిల్లలు గాని, దూడలు గాని అడుగిడిన ప్రాణాపాయము కలుగును. ఊరి చెరువు అట్లు నిండియున్నచో పిల్లలకు, పశువుల కాపరులకు ముందుగా చెప్పియుంచవలెను.

గుర్తించు విధము

నీటిలోని ప్రతి మొక్కయు శత్రువు కాదు. తామర, కలువ, తుంగ, కిక్కిస మన నీటికి పాతకాపులు. పక్షులకు, చేపలకు అవి ఆశ్రయము. కావున కత్తి పట్టుటకు ముందు ఏ మొక్క ఏదియో తెలియవలెను.

1. గుర్రపుడెక్క. దీనిని పిశాచి తామర యనియు అందురు. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము దీని జన్మభూమి. పూవు అందమునకై మనుష్యులే దీనిని దేశదేశములకు కొనిపోయిరి. మన దేశమున 19వ శతాబ్ది చివర బెంగాలులో మొదట ప్రవేశించినది. ఆకు గుండ్రముగా, నున్నగా, మెరయుచు గుర్రపు డెక్కను పోలియుండును. ఆకుకాడ ఉబ్బి, నొక్కిన మెత్తగా, లోపల గాలితో నిండియుండును. మొక్కను తేల్చునది ఇదియే. వేళ్లు నల్లనివై ఈకలవలె నీటిలో వ్రేలాడును. పూవు లేత వంగపూరంగు, ఆరు రేకులు. పైరేకుపై నెమలికన్నువంటి నీలపు మచ్చయు, దాని నడుమ పసుపు చుక్కయు నుండును.

ఇచ్చట నొక జాగ్రత్త. మొక్కలు విడివిడిగా నున్నప్పుడే కాడలు ఉబ్బియుండును. ఒత్తుగా పెరిగినచోట కాడలు సన్నగా సాగి గజమెత్తు వరకు లేచును. అట్టివానిని చూచి ఇది వేరొక మొక్క యని మోసపోరాదు. పూవును, ఈకలవంటి వేళ్లను చూచి నిర్ణయింపవలెను. వరిచేలలో నీలిపూలు పూయు చిన్న మొక్క యొకటి దీనికి చుట్టమే. దాని వేళ్లు బురదలో నాటుకొనియుండును, అది తేలదు. దానిని సాధారణ కలుపుగా తీసిన చాలును.

2. అంతరతామర. ఆకాశతామర యనియు అందురు. లేత పచ్చని రంగుతో, చిన్న క్యాబేజీ విప్పారినట్లు నీటిపై తేలును. ఆకులపై మఖమలువంటి నూగు, నిలువు గాళ్లు ఉండును, కాడ యుండదు. దీని పుట్టుక ఏ ఖండమున అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. మన చెరువులలో మాత్రము చాలకాలముగా నున్నది. బోదకాలు వ్యాధి యందలి ఒక రకమును వ్యాపింపజేయు మాన్సోనియా దోమల పిల్లలు దీని వేళ్లను పట్టుకొని, మొక్కలోని గాలినే పీల్చి బ్రతుకును. కేరళలోని చేర్తల ప్రాంతమున ఆ వ్యాధిని అరికట్టుటకు ఈ మొక్కను తొలగించుట ఒక సాధనమైనది. కావున ఇండ్ల దగ్గరి గుంటలలో దీనిని ఉపేక్షింపరాదు.

3. పరాయి నీటిఫెర్ను. శాస్త్రజ్ఞులు దీనిని సాల్వీనియా మొలెస్టా యందురు. బ్రెజిలు దేశము దీని పుట్టిల్లు. కేరళలో దీనిని ఆఫ్రికను పాయల్ అందురు. అచ్చటి వరిపొలములను, పడవదారులను ఇది చాలకాలము పీడించినది. ఒక్కొక్క కణుపున మూడేసి ఆకులుండును. రెండు నీటిపై తేలును, మూడవది చీలికలై వేరువలె నీటిలో వ్రేలాడును. పైఆకులపై సన్నని రోమములుండుటచే నీటిబొట్టు పడిన తడియక జారిపోవును. ఒత్తుగా పెరిగినప్పుడు ఆకులు పుస్తకమువలె మడతపడి నిలుచును. దీనికి పూవు లేదు, మొలకెత్తు బీజము లేదు. తునిగిన ప్రతి ముక్కయు ఒక మొక్క యగును.

పశువుల మేతకు, వరికి అజొల్లాను పెంచువారు ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. అజొల్లా ఆకు మిక్కిలి సన్నము, నువ్వుగింజకంటె చిన్నది. బొటనవ్రేలి గోరంత ఆకులు, వానిపై రోమములు ఉన్నచో అది అజొల్లా కాదు. దానిని తొట్టిలో వేయరాదు, ఇంటికే తేరాదు.

4. లొట్టపీసు. ఇదియు దక్షిణ అమెరికానుండి వచ్చినదే. కంచెగా నాటుదురు, కొమ్మ విరిచి పాతిన బ్రతుకును. గులాబిరంగు గరాటువంటి పూలు పూయును. మన దేశీయమగు తూడు, అనగా తూటికూర, పూవు కూడ ఇట్లే యుండును. భేదమేమన, తూడు బోలుకాడతో నీటిపై ప్రాకును, దాని లేతాకు కూరకు పనికివచ్చును. లొట్టపీసు నిలువుగా పొదవలె పెరుగును, దాని ఆకు మేకలకు, గొఱ్ఱెలకు విషము. తూడు కూడ కాలువలలో మితిమీరిన తీయవలసినదే గాని అది పరాయిది కాదు.

5. పరాయి పొన్నగంటి. మన పొన్నగంటికూరను పోలిన దక్షిణ అమెరికా మొక్క యొకటి మన దేశపు నీటిపట్టులలో చేరియున్నది. పొన్నగంటి తెల్లపూలు ఆకుల మొదట కాడ లేకుండ అంటియుండును. పరాయిదాని పూగుత్తి పొడవైన కాడ చివర నుండును. దాని కాండము బోలుగా నుండి నీటిపై తేలును. పెరటిలో పొన్నగంటి పెంచువారు ఈ భేదమును చూచియే తీగ తెచ్చుకొనవలెను.

ఎంత త్వరగా పెరుగును?

గుర్రపుడెక్క రెండు విధముల పెరుగును. తల్లిమొక్క ప్రక్కకు పిలకకాడ చాచి, దాని చివర పిల్లమొక్కను పెట్టును. వెచ్చని, ఎరువుతో కూడిన నీటిలో ఇంచుమించు రెండు వారములలో మొక్కల సంఖ్య రెట్టింపు కాగలదు. 15 దినములకొకసారి రెట్టించునని లెక్కవేయుడు. 1 మొక్క 2 నెలలకు 16. 4 నెలలకు 256. 6 నెలలకు 4,096. 8 నెలలకు 65,536. చోటు, ఎరువు చాలక అంతవరకు రాకపోవచ్చును. అయినను నేడు ఒక గంపలో పట్టునది సంక్రాంతికి లారీలలో పట్టదని తెలియుటకు ఈ లెక్క చాలును.

రెండవ విధము విత్తనము. పూవు వాడిన పిదప పూకాడ వంగి నీటిలో మునిగి విత్తులను రాల్చును. అవి అడుగుబురదలో 15, 20 సంవత్సరములు కూడ చావక యుండగలవు. వేసవిలో చెరువెండి మొక్క లన్నియు మాడిపోయినవని మనము సంతోషింతుము. తొలకరి నీరు పలుచగా నిలువగానే ఆ విత్తులు మొలచును. కావున పూవు రాకముందే తీయుట సగము పని.

ఈ పెరుగుదలను మీరే కొలిచి చూడవచ్చును. మొక్క ఇదివరకే యున్న చెరువులో, గట్టునకు చేరువగా, ఒక గజము చదరముగల వెదురు చట్రమును త్రాటితో కట్టి తేల్పుడు. దానిలో 5 మొక్కలను మాత్రము ఉంచి, ప్రతి ఆదివారము లెక్కించి చీటీపై వ్రాయుడు. నాలుగు వారములైన పిదప చట్రములోని మొక్క లన్నింటిని తీసి ఎండవేయుడు. బడిపిల్లలచే, పెద్దవారు దగ్గరనుండగా, దీనిని చేయింపవచ్చును. ఆ చీటీని సంఘపు కార్యాలయమున అంటించినచో మేము చేయు పది ఉపన్యాసములకంటె ఎక్కువ పని చేయును. మొక్క లేని నీటిలో మాత్రము ఈ పరీక్షకై దానిని తెచ్చి వేయరాదు.

ఎట్లు వచ్చి చేరును?

మొక్క నడువలేదు. దానిని నీరైన తేవలెను, మనమైన తేవలెను. వరదయు, కాలువనీరును తెచ్చుదానిని పూర్తిగా ఆపలేము. మనము తెచ్చు దారులు మాత్రము ఇవి: వలలు, పడవలు, బుట్టలు ఒక చెరువునుండి మరియొక చెరువునకు కడుగకయే కొనిపోవుట, చేపపిల్లలతో వచ్చు నీటిని అట్లే చెరువులో క్రుమ్మరించుట, పూడికతీయు యంత్రముల తొట్టికి, గొలుసులకు చిక్కిన ముక్కలు, పూవు బాగున్నదని ఇంటి తొట్టిలో పెంచి, విసుగుపుట్టినప్పుడు కాలువలో పారవేయుట, తన తూమునకు అడ్డుపడినదానిని కఱ్ఱతో దిగువకు నెట్టుట. ఈ చివరిదే మన గ్రామములలో అన్నిటికంటె సామాన్యము. దిగువకు నెట్టిన గుర్రపుడెక్క పోలేదు. పొరుగువాని తూమునకు చేరినది. ప్రతివాడును అట్లే చేసినచో మొత్తము బరువు శివారు రైతుమీద పడును.

మొక్క వచ్చినంతమాత్రమున ఇంత బలియదు. పట్టణపు మురుగు, చేపలచెరువులనుండి విడిచిన నీరు, చేలనుండి కొట్టుకొనిపోయిన యూరియా దానికి ఎరువులు. వానముంగిట యూరియా చల్లిన రైతు తన పైరునకు కాక కాలువలోని కలుపునకు వేసినవాడగును.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరునకు ఈ రెండు కారణములును ఏకమైనవి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లు, పెక్కు మురుగుకాలువలు అందులో కలియును. బయటకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రాంసర్ పట్టికకెక్కిన ఆ సరస్సున గుర్రపుడెక్క విస్తారముగా పట్టియున్నది. ఈ మొక్క ఉప్పునీటిలో బ్రతుకజాలదు. సముద్రము చేరిన చచ్చును. కాని అచ్చటికి చేరులోపల త్రోవలోని ప్రతి వంతెనను, ప్రతి తూమును పట్టుకొనును.

రాకుండ ఆపుట

మొదటిది, కన్ను. కాలువ పొడవున ఒక్కొక్క సభ్యుడు తన చేని ప్రక్కభాగమును వారమునకొకసారి చూడవలెను. ఒక్క మొక్క కనబడిన అప్పుడే చేతితో తీసి గట్టుపై, నీటికి దూరముగా వేయవలెను.

రెండవది, కడుగుట, ఎండబెట్టుట. వలలు, బుట్టలు, పడవలు చెరువు మార్చునప్పుడు గట్టుమీదనే దులిపి, కడిగి, బాగుగా ఎండబెట్టవలెను. కడిగిన నీరు తిరిగి చెరువులోనికి పోరాదు. యంత్రము అద్దెకు వచ్చినప్పుడు దాని తొట్టిని, గొలుసులను శుభ్రపరచనిదే కాలువలో దింపనీయరాదు. ఈ షరతును అద్దె కాగితముననే వ్రాయించుట మేలు.

మూడవది, చేపపిల్లలు కొనునప్పుడు తెచ్చిన నీటిని గుడ్డతో వడపోసి, చిన్నముక్క యైనను చెరువులో పడకుండ చూచుకొనవలెను.

నాలుగవది, పూలకై ఈ మొక్కను ఎవరును పెంచరాదు, అమ్మరాదు, బంధువులకు ఇయ్యరాదు.

వచ్చినదానిని తీయుట

తగిన కాలము వేసవిలో కాలువలు కట్టివేయు దినములు. నీరు తగ్గియుండును, కూలీలు దొరకుదురు, ఎండ మన పక్షముననుండును. నీరు విడిచిన పిదప చేయు పనికి శ్రమ ఎక్కువ, ఫలము తక్కువ.

పని ఎగువనుండి దిగువకు సాగవలెను. దిగువను ముందు శుభ్రపరచినచో ఎగువనుండి వచ్చు ముక్కలు దానిని మరల చెరచును. నీరున్న బోదెలో పనిచేయునప్పుడు, తీయు భాగమునకు దిగువగా వెదురుబొంగులను కొబ్బరిత్రాటితో కట్టి అడ్డముగా తేల్పవలెను. తప్పించుకొన్న ముక్కలు అచ్చట చిక్కును. పని ముగియగానే అడ్డును తీసివేయవలెను. వరదలో అది ఉండిపోయినచో కొట్టుకొనివచ్చు చెత్త అంతయు దానికి తగులుకొని గట్టు తెగును. ప్రభుత్వ కాలువలలో జలవనరుల శాఖవారి అనుమతిలేక అడ్డు కట్టరాదు.

మొక్కలను కత్తితో నరుకక, పంగలకఱ్ఱలతో గట్టునకు లాగి వేళ్లతోకూడ తీయవలెను. నరికిన ప్రతి కణుపును తిరిగి మొలచును. పాములుండుటచే చేతితో తడుముటకు ముందు కఱ్ఱతో కదల్పవలెను. లోతు తెలియని చోట నడుమునకు త్రాడు కట్టుకొనక దిగరాదు. మోటారు తీగలున్నచోట విద్యుత్తు ఆపించియే దిగవలెను.

ఒకసారి తీసి, పని అయినదని ఇండ్లకు పోయిన గ్రామములు మరుసటి సంవత్సరము మరల అంత ఖర్చును పెట్టుకొనుచున్నవి. 15 దినములకు ఒకసారి, నెలకు మరియొకసారి, అటుపిమ్మట నెలనెలకును మిగిలినవానిని ఏరవలెను. మొదటి తీతకు నూరుమంది కావలసినచోట ఈ ఏరుటకు అయిదారుగురు చాలుదురు.

తీసినదానిని ఏమి చేయవలెను?

గట్టు అంచున కుప్పవేసిన గుర్రపుడెక్క మొదటి వానకు తిరిగి కాలువలోనికి జారును. వరదనీరు ఎక్కని మెరకకు చేర్చి, వేళ్లు పైకుండునట్లు పలుచగా పరచవలెను. దాని బరువులో ఇంచుమించు 90 మొదలు 95 పాళ్లు నీరే. 100 కిలోల పచ్చిమొక్క ఎండిన 5 మొదలు 10 కిలోలు మాత్రమే మిగులును. కావున ఎండిన పిదప మోయించుట లాభము.

వాడినదానిని పేడనీరు, మట్టి, గడ్డితో పొరలుపొరలుగా వేసి కంపోస్టు చేయవచ్చును. దీనిలో పొటాషియము సమృద్ధిగా నుండును. కుప్పను తిరగవేయుచు లోపల బాగుగా వేడెక్కనీయవలెను. పూచి విత్తుపట్టిన మొక్కలను కంపోస్టులో కలుపక ఎండించి కాల్చుట క్షేమము. కార్ఖానాల మురుగు కలియు నీటినుండి తీసినదానిని ఎరువుగా గాని, మేతగా గాని వాడరాదు. ఈ మొక్క సీసము, కాడ్మియము వంటి విషలోహములను వేళ్లలో నింపుకొనును.

మందులు, పురుగులు, చేపలు

2,4-డి వంటి మందులతో గుర్రపుడెక్క చచ్చునను మాట నిజమే. కాని కాలువనీరు మనుష్యులును, పశువులును త్రాగునది. మందుగాలి సోకిన ప్రత్తి, మిరప, అపరాలు చెడును. చచ్చిన మొక్కలు ఒక్కసారిగా నీటిలో క్రుళ్లి చేపలను చంపును. కావున సభ్యులు తమంతట కాలువలో మందు చల్లరాదు. అది వ్యవసాయ, జలవనరుల శాఖాధికారుల అనుమతితో, వారి యెదుట జరుగవలసిన పని.

ఈ మొక్క జన్మభూమిలో దీనిని తినియే బ్రతుకు ముక్కుపురుగులు కలవు. నియోచెటినా అను ఆ జాతి పురుగులను 1982లో మన దేశమునకు తెప్పించి, ఇతర పైర్లను తినవని పరీక్షించి, తరువాతి సంవత్సరములలో బెంగళూరు ప్రాంతపు చెరువులలో విడిచిరి. పెద్దపురుగు ఆకుపై చిన్న చిన్న గీరుగుర్తులు పెట్టును. పిల్లపురుగు కాడలోనికి తొలుచును. నిలకడగల చెరువులలో ఇవి కొన్ని సంవత్సరములకు మొక్కను క్షీణింపజేయును. వడిగా పారు కాలువలలో, ఏటేట ఎండు చెరువులలో వీనిని నమ్ముకొనుట వలనుపడదు. పరాయి నీటిఫెర్నునకు వేరొక ముక్కుపురుగు కలదు. కేరళలో దానివలన గొప్ప మేలు కలిగినది.

గడ్డిచేప 1959లో మన దేశమునకు వచ్చినది. అది నీటిలోపలి నాచును ప్రీతితో తినును గాని గుర్రపుడెక్కను తిని అదుపుచేయగలదని ఆశింపరాదు.

సంఘము చేయవలసినది

బెంగాలులో ఈ మొక్క వరిపొలములను, పడవదారులను ముంచివేయగా, 1936లో అచ్చట ప్రత్యేకముగా ఒక చట్టమును చేసిరి. తన భూమిలో, తన నీటిలో దానిని పెరుగనీయకుండుట ఆ భూమి అనుభవించువాని బాధ్యత యని దాని సారము. మన రాష్ట్రమున 1997 నాటి చట్టముచే నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. తమ పరిధిలోని కాలువల నిర్వహణయందు వానికి బాధ్యత కలదు. అయినను చట్టము గట్టుమీద నిలిచి కలుపు తీయదు. సహకార సంఘ సభ్యులు నీటి సంఘమువారితో కలిసి ఈ ఏర్పాటులు చేసికొనవచ్చును:

ఫాల్గుణములో సమావేశమై బోదెలను భాగములుగా పంచుకొనుట. కాలువలు కట్టిన వారములో ఆయకట్టంతయు ఒకే దినమున పని ప్రారంభించుట. పనికి రాలేనివారు ఎకరమునకింత యని కూలిసొమ్ము ఇచ్చుట. శివారు రైతును పర్యవేక్షక సంఘమున తప్పక చేర్చుట. ఏలయన పని బాగుగా జరిగినదో లేదో మొదట తెలియునది అతనికే. ఎవరును తమ తూము వద్దనుండి కలుపును దిగువకు నెట్టరాదని తీర్మానించి, నెట్టినవారు దిగువ తూమును కూడ శుభ్రపరచవలెనని కట్టుబాటు చేసికొనుట.

ఎగువ గ్రామము వేరు సంఘమునకు చెందినచో వారిని కూడ ఆ దినమునకే ఒప్పించుటకు మన అధ్యక్షులు ముందుగా పోయి మాటలాడవలెను. ఎగువవారు తీయనిదే దిగువవారి శ్రమ ఒక వర్షాకాలమును మించి నిలువదు.

సమావేశమున అడుగదగిన ప్రశ్నలు

1. ఒత్తుగా పెరిగిన గుర్రపుడెక్కను, కాడ ఉబ్బియుండనప్పుడు, దేనిచే గుర్తింతుము?

2. అజొల్లాకును పరాయి నీటిఫెర్నునకును భేదమేమి?

3. చెరువెండినంతమాత్రమున గుర్రపుడెక్క నశించినదని ఏల తలపరాదు?

4. పని ఎగువనుండి ఏల మొదలుపెట్టవలెను?

5. మన బోదెలో ప్రస్తుతము ఏ మొక్కలు, ఏ తూములవద్ద, ఎంతమేర ఉన్నవి?

అయిదవ ప్రశ్నకు ఈ పాఠమున సమాధానము లేదు. సమావేశమునకు ముందు ఇద్దరు సభ్యులు బోదె పొడవున నడచి, వ్రాసికొని రావలెను.